లేని కిలోమీటర్లు

వాల్కెయకోస్కి
12 అక్టోబరు 2018

మెర్వి అక్కకు,

ఇకపై ఫోన్‌లో కాక కాగితం మీదే మాట్లాడుకుందామని ఈస్టర్ నాడు అనుకున్నాం కదా, ఆ మాట నిలబెట్టుకుంటున్నాను. ఫోన్‌లో నేను ఊపిరి పీల్చడం తప్ప నీకేమీ వినపడదన్నావు. నిజమే. కాగితం మీద మాత్రం నాకు మాటలు వస్తాయి, అవసరానికి మించి వస్తాయి.

నిన్న సాయంత్రపు బస్సులో నాలుగు చక్రాలు వేశాను. శనివారం నీ దుకాణం ముందు దించుతారు. ఇవి ఏవో దొరికాయని పంపినవి కావు. రైమో బావ అడవిలో చెట్లు నరికే యంత్రం మీది నుంచి పడినప్పటి నుంచి మీ కారుకున్న పని ఒక్కటే: మంగళవారం, శుక్రవారం ఆయన నడుము వైద్యానికి రోవనియేమి ఆసుపత్రికి వెళ్లి రావడం. పోనూ రానూ రెండు వందల ఇరవై కిలోమీటర్లు. నిరుటి చలికాలం, కారు అమ్మిన పాత యజమాని ఇచ్చిన వెడల్పాటి పదిహేడు అంగుళాల చక్రాల మీద నూరు కిలోమీటర్లకు ఏడు లీటర్లు తాగిందని రాశావు. ఎందుకు తాగిందో వరసగా చెబుతాను.

ఒకటి: చలికాలపు టైరు రబ్బరు మెత్తన. దొర్లే ప్రతి చుట్టుకూ అది వంగి లేస్తుంది, ఆ వంగడానికయ్యే శక్తి పెట్రోలులోంచే రావాలి. రెండు: చక్రం పెద్దదైతే రిమ్ము బరువు, వెడల్పైతే ముందున్న మంచునూ గాలినీ ఎక్కువ తోసుకుపోవాలి. మూడు: టైరుకున్న ఇనుప మేకులు కూడా తమ వంతు కొంచెం తింటాయి. కానీ మీ దారి నవంబరు నుంచి ఏప్రిలు దాకా గాజు పలక. మేకులు లేకుండా వెళ్లమని చెప్పే ధైర్యం నాకు లేదు. నాలుగు: చలి గాలి చిక్కగా ఉంటుంది. దాన్ని నేనేమీ చేయలేను.

అందుచేత పదిహేను అంగుళాల రిమ్ములూ సన్నటి మేకుల టైర్లూ ఎంచాను. రిమ్ములు ఒకరి దగ్గర, టైర్లు మరొకరి దగ్గర కొని, మా మిల్లులో పనిచేసే మిత్రుడి షెడ్డులో ఎక్కించాను. ప్రతి టైరు గాడి లోతు కొలిచాను. తయారైన సంవత్సరం చూశాను. ఒక్కొక్క టైరుకున్న మేకులన్నీ లెక్కపెట్టాను. రెండు మాత్రమే ఊడిపోయాయి, అవీ వెనక చక్రాలవి. వీటితో ఏడు లీటర్లు ఆరు పాయింట్ ఏడుకు దిగుతుందని నా అంచనా. అంతకన్నా ఆశ పెట్టడం నిజాయితీ కాదు.

బావతో చెప్పు, వేగం చూపే ముల్లు ఎనభై దగ్గర నిలిపి నడిపితే మేలు. పెట్రోలు పోయించినప్పుడల్లా లీటర్లూ, మీటరులో పడిన కిలోమీటర్లూ నాకు రాయి. పదహారేళ్లకే బడి మానినవాణ్ణి, నాకున్న చదువంతా ఈ ఊరి గ్రంథాలయం పెట్టినదే. నా లెక్క సరైనదని తేలడం నాకెంత అవసరమో నీకు చెప్పనక్కర్లేదు.

నీ తమ్ముడు
హన్ను

---

పెల్తోవార
28 అక్టోబరు

హన్నూ,

చక్రాలు చేరాయి. బస్సు డ్రైవరు వాటిని దుకాణం మెట్ల ముందు దొర్లిస్తే ఊరంతా వచ్చి చూసింది. ఊరంతా అంటే పదకొండు మంది, ఒక కుక్క.

పక్కింటి కలేవి వచ్చి బిగించాడు. రైమో వాకిట్లో కుర్చీ వేయించుకుని, ఒళ్లో దుప్పటి కప్పుకుని, పెత్తనం చేశాడు.

"ఆ బోల్టు కాదు ముందు, దాని ఎదురుది."

"నీ నడుముకి కుర్చీ ఇచ్చాం, నోటికి కూడా ఒకటి తేనా?" అన్నాడు కలేవి.

అంతా అయ్యాక రైమో కర్ర పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. ముందు చక్రం దగ్గర ఆగి, చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య సందులో అరచెయ్యి దూర్చి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఎలా ఉన్నాయి?" అని అడిగాను.

"నల్లగా ఉన్నాయి," అన్నాడు.

మేకులన్నీ లెక్కపెట్టావని నీ ఉత్తరం చదివి వినిపిస్తే మాత్రం నవ్వాడు. పడిన తర్వాత అతను నవ్వడం అదే మొదలు, నీకు పుణ్యం ఉంటుంది. ఇంట్లో కూర్చోవడం అతని వల్ల కావడం లేదు హన్నూ. ఇరవై ఎనిమిదేళ్లు చెట్ల మధ్య తిరిగినవాడు, ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని నా తెర కుచ్చులు లెక్కపెడుతున్నాడు. వసంతం దాకా ఒక్క రోజూ తప్పకుండా వైద్యానికి వెళ్తేనే మళ్లీ యంత్రం ఎక్కగలడని డాక్టరమ్మ చెప్పింది. తప్పితే, ఇక ఆ కుర్చీయే. నాకు దుకాణంలో సెలవు దొరకదు, అందుకని ఒక్కడే నడుపుకుంటూ వెళ్తున్నాడు.

నువ్వడిగిన అంకెలు ఇంకో కాగితం మీద రాసి లోపల పెట్టాను. నేనెప్పుడూ ఆ మీటరు వంక చూసి ఎరగను. ఇప్పుడు నీ పుణ్యమా అని రోజూ చూస్తున్నాను. ముల్లు ఎనభై మాట చెప్పాను. "సరే," అన్నాడు. ఆ మనిషి సరే అన్నాడంటే అదే పత్రం మీద సంతకం.

ఇక్కడి చిత్తడి నేలల్లో నేనే ఏరిన హిల్లా పండ్ల జామ్ ఒక సీసా పంపుతున్నాను. దాన్ని కూడా కొలవకుండా తిను.

మెర్వి

---

వాల్కెయకోస్కి
20 నవంబరు

అక్కకు,

నీ అంకెలు మూడుసార్లు లెక్కవేశాను. నూరు కిలోమీటర్లకు ఆరు పాయింట్ మూడు లీటర్లు. నేను చెప్పినది ఆరు పాయింట్ ఏడు. తగ్గుతుందనుకున్న దానికి రెండింతలకు పైగా తగ్గింది.

మొదట నమ్మలేదు. తర్వాత కారణాలు వెతికాను. రిమ్ము చిన్నదైన కొద్దీ కదలిక తేలికవుతుందని నేను వేసిన లెక్కలో పిరికితనం ఉండి ఉండాలి. రెండో కారణం బావ. ముల్లును ఎనభై మీద కదలకుండా నిలపగల డ్రైవర్లు ఎంతమంది ఉంటారు? ఆయనకు నా తరఫున కృతజ్ఞతలు చెప్పు.

ఈ సంగతి మిల్లులో కాఫీ వేళ చెప్పాను. అక్కడ మామూలుగా నా మాట ఎవరూ పూర్తిగా వినరు. ఈసారి ఇంజనీరుగారు కప్పు పక్కన పెట్టి, "ఏ కొలత టైర్లు?" అని అడిగారు. "పదిహేను అంగుళాలు, నూట తొంభై ఐదు వెడల్పు," అన్నాను. ఆయన తలూపారు. ఇరవై రెండేళ్లుగా ఆ గిడ్డంగిలో పనిచేస్తున్నాను. ఆ తలూపు నాకు ఎంత విలువైనదో రాయడం చేతకాదు.

ఇక్కడ ఇంకా మంచు పడలేదు. వాన, బురద. మీ జామ్ అయిపోయింది.

హన్ను

---

పెల్తోవార
2 డిసెంబరు

హన్నూ,

నీ సంతోషం చూసి సంతోషించాను. ఇంజనీరు తలూపిన సంగతి రైమోకి చదివి వినిపించాను. అతను కిటికీ వైపు తిరిగాడు. ఇదివరకైతే ఏదో ఒక హాస్యమాడేవాడు.

మా దగ్గర మధ్యాహ్నం రెండింటికే చీకటి. రైమో ఇప్పుడు ఇదివరకటి కంటే పావుగంట ఆలస్యంగా వస్తున్నాడు. అడిగితే, "దారి అంతే ఉంది, నేను అంతే ఉన్నాను," అంటాడు. వచ్చి నేరుగా సౌనా ఆవిరి గదిలోకి వెళ్లి ఒంటరిగా కూర్చుంటాడు.

నీకు మార్యుత్ గుర్తుందా? రైమోతో కలిసి అడవిలో పనిచేసిన పావో భార్య. పావో పోయి రెండేళ్లయింది. ఆమె ఒంటరిగా వాళ్ల సరస్సు ఇంట్లోనే ఉంటోంది, రోవనియేమి రోడ్డు మీంచి పక్కకి చీలి లోపలికి వెళ్లాలి. మొన్న దుకాణానికి వచ్చి రొట్టె తీసుకుంటూ, "రైమో నడుము ఎలా ఉంది? ఇవాళ శుక్రవారం కదా, వెళ్లే ఉంటాడు," అంది. నా పెళ్లికి ముందు వేసవి పండగల్లో రైమోతో నాట్యం చేసింది ఆమెయే. ఊరందరికీ తెలిసిన విషయమే, నేనే నవ్వుతూ చెబుతుంటాను.

నిన్నొకటి అడగాలనుకున్నాను. నువ్వు ఇవన్నీ చదివినవాడివి. కారు తిరగని కిలోమీటర్లు మీటరులో పడతాయా? ఊరికే అడుగుతున్నా.

ఈసారి అంకెలు కింద రాశాను.

మెర్వి

---

వాల్కెయకోస్కి
9 డిసెంబరు

అక్కకు,

నీ ప్రశ్న చదివి కొంచెం నొచ్చుకున్నాను. ఊరికే అడుగుతున్నానన్నావు గాని, ఊరికే అడిగే ప్రశ్న కాదది. ఆరు పాయింట్ మూడు అన్న ఫలితం నీకు నమ్మబుద్ధి కాలేదని, కిలోమీటర్లు ఎక్కువ పడడం వల్ల లెక్క బాగా వచ్చిందని ఎవరో నీతో అని ఉంటారని నాకర్థమైంది. కలేవి అయి ఉండవచ్చు. బడిలో కూడా అతను నా లెక్కలను అలాగే ఎగతాళి చేసేవాడు.

కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను. మీటరు చక్రం తిరిగే చుట్లను లెక్కపెడుతుంది. వేరే ఏమీ చేయదు. దానికి స్నేహితులు లేరు, శత్రువులు లేరు. ఎవరిని సంతోషపెట్టాలనీ దానికి ఉండదు. మీటరులో పడిందంటే కారు తిరిగింది. ఇందులో రెండో మాట లేదు.

ఇలా రాసినందుకు కోపగించుకోకు. క్రిస్మస్ ముందు సాయంత్రం అమ్మానాన్నల సమాధుల మీద నా తరఫున కూడా ఒక దీపం వెలిగించు. పొడవుగా కాలే రకం కొను. పోయినసారి నువ్వు కొన్నవి అర్ధరాత్రికే ఆరిపోయాయని రాశావు.

హన్ను

---

పెల్తోవార
6 జనవరి 2019

హన్నూ,

దీపం పెట్టాను. పొడవుగా కాలే రకమే.

శ్మశానంలో అందరం ఉన్నాం. మంచంతా దీపాలు. మనవాళ్లవి అయ్యాక రైమో జేబులోంచి ఇంకో దీపం తీశాడు. కర్ర పోటు వేసుకుంటూ వెళ్లి పావో సమాధి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. నడుము వంగని మనిషి. మార్యుత్ వచ్చి చెయ్యి అందించి లేపింది. నేను చూస్తూ నిలబడ్డాను.

ఇంక దాచను. నవంబరు నుంచి నాకిది తెలుసు. రోవనియేమి పోనూ రానూ రెండు వందల ఇరవై. మన మీటరులో ప్రతిసారీ రెండు వందల ముప్పై మూడు. ఒక్కసారి కాదు, ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం. నువ్వు అంకెలు రాయమన్నావు కాబట్టి చూశాను, లేకపోతే నాకు తెలిసేదే కాదు. మార్యుత్ ఇంటి రోడ్డు ఆరున్నర కిలోమీటర్లు. వెళ్లి రావడానికి పదమూడు. ఇంక పావుగంట ఆలస్యం సంగతి నీకు రాసే ఉన్నాను.

పండగ మర్నాడు అడిగేశాను.

"ఎక్కడికి వెళ్తున్నావు?"

"ఆసుపత్రికి."

"ఆసుపత్రి తర్వాత?"

"ఇంటికి."

"మీటరు అలా చెప్పడం లేదు రైమో. మీటరుకి స్నేహితులూ శత్రువులూ లేరు."

అతను నా వంక చూశాడు. అంతసేపు చూడడం ఎప్పుడూ ఎరగను. "ఆ మాట నీది కాదు," అన్నాడు.

"ఎవరిదైతేనేం? పదమూడు కిలోమీటర్లు ఎక్కడివో చెప్పు."

కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వే నడిపి చూడు," అన్నాడు. అంతే. వాళ్లన్నకి ఫోన్ చేశాడు. అతను వచ్చి మంచు బండి మీద అడవిలో వేట గుడిసెకి తీసుకెళ్లాడు. అక్కడ కరెంటు లేదు. బయట మైనస్ ముప్పై. ఆ నడుముతో కట్టెలు ఎవరు కొడుతున్నారో నాకు తెలియదు. రెండు వారాలుగా ఆసుపత్రికి వెళ్లలేదు.

తప్పు చేసినవాడు తాళాలు విసిరి పోతాడు. ఏమీ చెయ్యనివాడైతే చెప్పుకుంటాడు కదా? నువ్వు చెప్పు.

మెర్వి

---

వాల్కెయకోస్కి
13 జనవరి

అక్కకు,

నీ ఉత్తరం నిలబడే చదివాను, తర్వాత కూర్చుని మళ్లీ చదివాను. నీ ప్రశ్న నేను అనుకున్నది కాదని ఇప్పుడు తెలిసింది. నన్ను క్షమించు.

నేను గ్రంథాలయానికి వెళ్లి మీ ప్రాంతపు పెద్ద పటం తీయించి, దారం పెట్టి కొలిచాను. ఆ పక్క రోడ్డు ఆరున్నర కిలోమీటర్లకు వెంట్రుకవాసి అటూ ఇటూ. నీ అంకె తప్పు కాదు. అది తప్పని తేలాలని మనసారా కోరుకుంటూనే కొలిచానని మాత్రం నమ్ము.

ఇప్పుడు చేయవలసినవి. తాళాలు నీ దగ్గరే ఉంచు. ఎవరితోనూ, ముఖ్యంగా కలేవితో, మాట్లాడకు. ఆసుపత్రికి వెళ్లి ఆయన అసలు వచ్చేవారా లేదా కనుక్కో. అది తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోకు. ఆ తర్వాత నీకు ఇక్కడికి రావాలనిపిస్తే నా వంటింటి పక్క గది ఖాళీ చేశాను. మంచం కొలతలు తీసుకున్నాను, కిటికీ కింద సరిపోతుంది.

బావను నేను ఎప్పుడూ పెద్దన్నలా చూశాను. ఏమి రాయాలో తెలియడం లేదు.

హన్ను

---

పెల్తోవార
27 జనవరి

హన్నూ,

శుక్రవారం సెలవు పెట్టి నేనే రోవనియేమి వెళ్లాను. నువ్వన్నట్టు ఆసుపత్రిలో కనుక్కుందామనే.

నడుము వైద్యం చేసే అమ్మాయి నన్ను చూడగానే, "రైమోకి ఏమైంది? మేం భయపడుతున్నాం," అంది.

"రోజూ వచ్చేవాడా?" అని అడిగాను.

"ఒక్క రోజు తప్పలేదు. మూడింటికి రమ్మంటే రెండూ ముప్పావుకే వచ్చి కూర్చునేవాడు. అయిపోగానే, ఇంట్లో మెర్వి చీకట్లో ఎదురు చూస్తుంటుందని కోటు కూడా సరిగా తొడుక్కోకుండా పోయేవాడు."

నేను బయటికొచ్చి కార్లో కూర్చున్నాను. కాఫీకి కూడా ఎక్కడా ఆగకుండా వెనక్కి నడిపాను. ముల్లు ఎనభై మీదే పెట్టాను, రైమో పెట్టినట్టే. నా వెనక లారీలు లైట్లు వేసి తొందర పెట్టాయి. మార్యుత్ రోడ్డు మలుపు వచ్చింది, దాటిపోయింది. ఆ రోడ్డు మీద మంచు అలాగే ఉంది, ఒకే ఒక్క బండి జాడ, అదీ సన్నటిది, ఆమె చిన్న కారుది.

వాకిట్లో ఆపి మీటరు చూశాను.

రెండు వందల ముప్పై మూడు.

నేనెక్కడికి వెళ్లాను హన్నూ? నువ్వు పటం మీద దారం పెట్టి కొలిచావు కదా, ఆ పదమూడు కిలోమీటర్లు నేను ఎవరింటికి వెళ్లానో చెప్పు.

ఇంట్లోకి వెళ్లబుద్ధి కాలేదు. టార్చి తీసుకుని చక్రం దగ్గర కూర్చున్నాను. రైమో ఆ రోజు చెయ్యి పెట్టిన సందులో నా చెయ్యి పెట్టాను. నా చెయ్యి అడ్డంగా పట్టి ఇంకా మిగిలింది. గరాజులో వేసవి చక్రాలు ఉన్నాయి, ఒకటి దొర్లించుకొచ్చి పక్కన నిలబెట్టాను. నీ చక్రం దానికి భుజం దాకా వచ్చింది.

టైరు మీద మంచు తుడిచి, ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను. 195, తర్వాత 55, తర్వాత 15. వేసవి దాని మీద 205, 55, 16. ఇవేమిటో నాకు తెలియదు. నీకు తెలుసు.

మెర్వి

---

వాల్కెయకోస్కి
2 ఫిబ్రవరి

అక్కకు,

మధ్యనున్న అంకె అరవై ఐదు ఉండాలి.

మొదటిది టైరు వెడల్పు, చివరిది రిమ్ము కొలత, మధ్యది టైరు ఎత్తు, వెడల్పులో నూటికి ఎన్ని వంతులో చెప్పేది. రిమ్ము చిన్నది చేసినప్పుడు టైరు ఎత్తు పెంచాలి, అప్పుడు చక్రం మొత్తం మీద పాత చక్రమంతే అవుతుంది. ఇది నాకు తెలుసు. నా చీటీలో అరవై ఐదు అనే రాసుకున్నాను. అమ్మినవాడు వెడల్పూ రిమ్మూ చెప్పాడు, రెండూ సరిపోయాయి. టైర్లు నా ముందుకు వచ్చాక నేను మేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అవి ఏదో చిన్న కారువి.

పొట్టి చక్రం అదే దారి దాటడానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు చుట్లను లెక్కపెడుతుందని నీకు రాసింది నేనే. రెండు వందల ఇరవైకి పదమూడు అదనం. ముల్లు కూడా అదే పాళ్లలో ఎక్కువ చూపిస్తుంది. అది ఎనభై మీద ఉన్నప్పుడు కారు డెబ్బై ఐదే వెళ్తోంది. బావ ఆలస్యంగా వచ్చింది నా మాట విని నడిపినందుకు.

ఇంకొకటి కూడా నీకు చెప్పాలి. ఆరు పాయింట్ మూడు లీటర్లు అన్న ఫలితం అబద్ధం. ఆ లేని కిలోమీటర్లు తీసేసి లెక్కవేస్తే ఆరు పాయింట్ ఏడు వస్తుంది, మొదటి ఉత్తరంలో నేను చెప్పినదే. నా అంచనా సరిగ్గానే ఉంది అక్కా. అంతకన్నా మంచి అంకె కనబడేసరికి దాన్నే ప్రేమించాను. ఏ కిలోమీటర్లను చూసి నువ్వు బావను అనుమానించావో, వాటినే చూసి నేను మిల్లులో గొప్పలు చెప్పుకున్నాను. ఆరు పాయింట్ మూడూ ఆరు పాయింట్ ఏడూ, రెండు వందల ఇరవయ్యూ రెండు వందల ముప్పై మూడూ నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. పాళ్లు ఒకటేనని చూడలేదు. ఇంజనీరుగారు కొలత అడిగినప్పుడు కూడా మధ్య అంకె చెప్పకుండానే చెప్పాను.

సరైన టైర్లు సోమవారం బస్సులో వేస్తాను. వాటి మీది అంకెలు నలుగురితో చదివించి చూశాను.

బావకు ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ కారణాల వరస అయిపోతోంది. నువ్వు వెళ్లు. తప్పు నాదని చెప్పు. ఆయన్ను చలిలోంచి తీసుకురా.

హన్ను

---

పెల్తోవార
10 మార్చి

హన్నూ,

ఇంతకాలం రాయనందుకు ఏమీ అనుకోకు. నీ టైర్లు వచ్చాయి. కలేవి బిగించాడు, ఎగతాళి చెయ్యలేదు. సందులో చెయ్యి పట్టడం లేదిప్పుడు.

నీ ఉత్తరం అందిన రోజే గుడిసెకి వెళ్లాను, కలేవి మంచు బండి మీద. రైమో బయటే ఉన్నాడు, చితుకులు ఏరుతున్నాడు. వంగి ఉన్నాడనుకున్నాను. కాదు, లేవలేకపోతున్నాడు.

"ఆసుపత్రికి వెళ్లొచ్చాను," అన్నాను.

"ఎవరికి బాగాలేదు?"

"మీటరుకి."

నవ్వలేదు. కానీ లోపలికి వచ్చి కాఫీ పెట్టాడు. కప్పు నా చేతికిచ్చాడు.

"టైర్లు పొట్టివని నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"బిగించిన రోజే అనుమానం. మొదటిసారి వెళ్లొచ్చాక రూఢి. ఆ దారి ప్రతి వంతెనా ఏ అంకె మీద వస్తుందో నాకు తెలుసు కదా."

"మరి చెప్పొచ్చుగా."

"ఏమని? మీ తమ్ముడు ఏడు వందల కిలోమీటర్ల అవతలి నుంచి పంపినవి కొలత తప్పు అనా? వాడు మేకులు లెక్కపెట్టాడు మెర్వీ, ఒక్కొక్కటి. తర్వాత ఆ ఇంజనీరు తలూపాడని రాశాడు. అప్పుడింకేం చెప్తాను? మే నెల దాకా ఓపిక పడితే వేసవి చక్రాలు వస్తాయి, ఎవరికీ తెలియకుండా పోతుంది అనుకున్నాను."

"వాడికి కాకపోతే నాకైనా చెప్పాల్సింది. ఆ రోజు అడిగాను కదా."

"నువ్వు టైర్ల గురించి అడగలేదు," అన్నాడు. "ఎక్కడికి వెళ్తున్నావని అడిగావు."

ఆ తర్వాత కాఫీ చల్లారిపోయింది.

వారం ఆగి వచ్చాడు. ఆసుపత్రికి మళ్లీ వెళ్తున్నాడు. పోగొట్టుకున్న వారాలు వెనక్కి రావని డాక్టరమ్మ అంది. ఈ వసంతానికి యంత్రం ఎక్కడం కుదరదు, శరత్కాలంలో చూద్దాం అంది. చూద్దాం అన్నప్పుడు అతని వైపు చూడకుండా కాగితాల వైపు చూసింది.

మార్యుత్‌కి నేనేమీ చెప్పలేదు. ఆమెకి తెలియదు, తెలియనక్కర్లేదు. మొన్న రొట్టె నా చేత్తో సంచిలో సర్ది పెట్టాను. "ఏమిటి మెర్వీ ఇవాళ, ఇన్నాళ్లూ నా మీద కోపమేమో అనుకున్నాను," అంది. చలి, ఇంకేం లేదు అన్నాను.

నువ్వు నీ మీద కోపం పెట్టుకుని కూర్చోకు. నువ్వు రాసింది చక్రం గురించి. దాన్ని మనిషి మీదికి మళ్లించింది నేను. ఆ వంటింటి పక్క గదిలో నీ పుస్తకాలు మళ్లీ పెట్టుకో. ఇక అంకెలు పంపను. అడగకు.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను. మంగళవారాలు, శుక్రవారాలు రైమో ఇంటికి వస్తాడు. బూట్ల మంచు దులుపుకుంటాడు. కోటు విప్పకముందే, నేను అడక్కుండానే, గుమ్మంలో నిలబడి చెప్తాడు.

"రెండు వందల ఇరవై."

కోపంగా కాదు. వెక్కిరింపుగా కూడా కాదు. చలిగా ఉంది అన్నట్టు చెప్తాడు. చెప్పొద్దు రైమో అన్నాను. "అలవాటైంది," అన్నాడు.

నువ్వు పంపిన టైర్లు మంచివి హన్నూ. అంకె ప్రతిసారీ సరిగ్గా వస్తోంది. ఒక్కసారైనా తప్పు చెప్తే బాగుండునని గుమ్మంలో బూట్ల చప్పుడు వినపడినప్పుడల్లా అనుకుంటున్నాను.

మెర్వి